టీచరమ్మ పిట్టకు రెక్కలు కత్తిరించిన రోజు

ఆ రోజుల్లో నాకు చేతకాని పని ఒకటి ఉంటుందని ఎవరైనా అంటే నమ్మేదాన్ని కాదు. నర్సింగ్ పాసై, ముదిగొండ నుంచి పాల్వంచ వచ్చి మొదటి ఉద్యోగంలో చేరి మూడు నెలలైంది. కిరాయికి ఉన్న గది ఒక రిటైరైన టీచరమ్మ ఇంట్లోది. ఆమె భర్త కరెంటు ప్లాంటులో షిఫ్టులు చేసి, నేను వెళ్లడానికి ఏడాది ముందే పోయాడు. ఇంట్లో మిగిలింది ఆమె, ఆయన పెంచిన కాకటీల్ పిట్ట (చిలక జాతే, బూడిద రంగు, నెత్తిన జుట్టు, బుగ్గల మీద నారింజ బొట్లు). ఆయన డ్యూటీ దిగి గేటు దగ్గర వేసే ఈల దానికి అచ్చంగా వచ్చు. అది ఆ ఈల వేస్తే టీచరమ్మ చేతిలో పని ఆగిపోయేది.

పిట్ట ఇల్లంతా ఎగిరేది. ఎండాకాలంలో ఒక మధ్యాహ్నం తిరుగుతున్న ఫ్యాను నుంచి వెంట్రుకవాసిలో తప్పించుకుంది. అంతే, టీచరమ్మ ఫ్యాన్లన్నీ బంద్ చేసింది. నాలుగు రోజులు ఉడికిపోయి, నేనే పశువుల డాక్టరును అడిగి వచ్చాను. రెక్క చివరి పొడుగాటి ఈకలు రెండు పక్కలా ఐదేసి, సమానంగా కత్తిరిస్తే పైకి ఎగరలేదట. గోళ్లు తీసినట్టే, నొప్పి ఉండదట. కాడలో నెత్తురున్న కొత్త ఈకను ముట్టకూడదు, ఛాతీ నొక్కితే ఊపిరాడదు.

"నీకొస్తదా బిడ్డా?" అంది టీచరమ్మ.

"నేను నర్సును టీచరమ్మా!" అన్నాను (సూది గుచ్చేటప్పుడు నేనే కళ్లు మూసుకుంటానని ఆమెకు తెలియదు).

టవల్లో చుట్టి పట్టుకోగానే పిట్ట నా బొటనవేలు కొరికింది. ఆసుపత్రి అలవాటు కొద్దీ "ఏం కాదు తాతా, చీమ కుట్టినట్టుంటది" అన్నాను. టీచరమ్మ రెక్క విప్పి పట్టుకుని, కళ్లు మూసుకుని, "ప్రభువా, ఈ పిల్ల చేతులు వణుకుతున్నయ్, జర ఆపు తండ్రీ" అని గట్టిగానే ప్రార్థించింది. ప్రభువు ఆపలేదు. అయినా ఒక్కొక్క ఈకనూ వెలుతురుకు పెట్టి చూసి, ఐదూ ఐదూ కత్తిరించాను. ఒక్క చుక్క నెత్తురు రాలేదు. వదిలితే మెల్లగా జారుతూ నేల మీద వాలి, నడుచుకుంటూ వచ్చి నా చెప్పును పొడిచింది. ఇద్దరం పడీ పడీ నవ్వాం. ఫ్యాను వేశాం.

కానీ ఆ సాయంత్రం ఈల లేదు. మర్నాడూ లేదు. వారం గడిచింది. గింజలు తింటోంది, నడుస్తోంది, ఈల మాత్రం వేయదు. టీచరమ్మ నన్ను ఒక్క మాట అనలేదు. సాయంత్రమయ్యే సరికి ఊరికే గేటు వైపు చూసేది. ఆయన గొంతును నేనే కత్తిరించేశానని డ్యూటీలో బాత్రూంలోకి పోయి ఏడ్చాను.

పదో రోజు నేను డ్యూటీ దిగి వచ్చి గేటు గడియ తీశానో లేదో, లోపలి నుంచి ఆ ఈల. టీచరమ్మ ఉరికి వచ్చింది, నన్ను చూసి ఆగింది.

"నిన్ను చూసి ఏసింది బిడ్డా," అంది, నవ్వుతోందో ఏడుస్తోందో తెలియలేదు. "ఇంటి మనిషొచ్చింది అంటున్నది."

వర్షాకాలం పోయేసరికి ఈకలు మళ్లీ మొలిచాయి. కత్తెర తీయబోతే, "వద్దు, సల్లబడ్డది గదా, ఎగరనియ్" అంది.

ఇప్పుడు ఖమ్మంలో కొత్త నర్సులకు నేనే పని నేర్పుతున్నాను. టీచరమ్మ లేదు. పిట్ట ఆమె చెల్లెలి ఇంటికి పోయిందని విన్నాను. తొందరపడే పిల్లలను చూస్తే నాకు నేనే గుర్తొస్తాను. అప్పుడు ఖమ్మంలో ఉద్యోగం రాగానే పెట్టె సర్దేశాను. "అన్నం తిని పో బిడ్డా, పప్పు పొయ్యి మీదుంది" అని టీచరమ్మ గుమ్మంలో నిలబడి అంటే, "బస్సు పోతది" అని ఉరికాను.

ఆ రూట్లో అరగంటకో బస్సు ఉండేది.