ఫైలకా దీవికి జ్వాలాపురం ఓబులేసుతో

2010 జనవరిలో ఒక శనివారం ఉదయం ఆరున్నరకు కువైట్‌లోని అహ్మదిలో కంపెనీ బస్సెక్కాం. నాతో వచ్చింది మా వర్క్‌షాపు వెల్డరు ఓబులేసు. అతనిది కర్నూలు జిల్లా జ్వాలాపురం. కువైట్ రాకముందు తొమ్మిదేళ్లు ఊళ్లో తెల్లబూడిద తవ్వాడు. అంట్లు తోమే పొడిలో దాన్ని కలుపుతారు. ఏనాడో సముద్రాల అవతల అగ్నిపర్వతం పేలి ఆ బూడిద అక్కడ పడిందని ఊరికి వచ్చిన పరిశోధకులు చెప్పారట. ఇప్పుడు అతని శనగ చేను కూడా తవ్వకానికి ఇమ్మని ఒక కాంట్రాక్టరు అడుగుతున్నాడు. ఊళ్లో చేను చూసుకునే అన్న సరేనంటున్నాడు. ఆ సాయంత్రంలోగా ఓబులేసు మాట చెప్పాలి. ఫైలకాలో పాతకాలపు ఊరు తవ్వుతున్నారని నేనంటే, "వాళ్లనడిగి చూద్దాం సార్" అన్నాడు.

సాల్మియాలో తొమ్మిదింటికి ఫెర్రీ. గంటన్నర ప్రయాణం. డెక్కు మీద ఖుబ్జు రొట్టె, ఉడికించిన గుడ్లు తిన్నాం. పక్కన కూర్చున్న జగిత్యాల మల్లయ్య ఆ తవ్వకంలోనే కూలీ.

"పార తక్కువ, బ్రష్షు ఎక్కువ. మస్తు ఓపిక గావాలె" అన్నాడు. తనే వెంటబెట్టుకుని తీసుకెళ్లాడు.

1990 నాటి యుద్ధంలో తూట్లుపడిన ఇళ్లు దాటాక గుంటలు కనిపించాయి. నాలుగు వేల ఏళ్ల నాటి గోడలు మోకాలెత్తు ఉన్నాయి. అక్కడున్న విదేశీ పరిశోధకురాలికి జ్వాలాపురం పేరు తెలుసు.

"బూడిద పడినంక మనుషులంతా సచ్చిపోయినారా? అడగండి సార్" అన్నాడు ఓబులేసు.

నేను ఇంగ్లీషులో అడిగాను. అలాంటి బూడిద కింద కొన్ని ఊళ్లు పూర్తిగా అంతరించాయని, జ్వాలాపురంలో మాత్రం బూడిద కిందా పైనా ఒకే తరహా రాతి పనిముట్లు దొరికాయని ఆవిడ చెప్పింది. అక్కడ మనుషులు బతికి ఉంటారని ఆవిడ నమ్మకం. ఒప్పుకోనివారూ ఉన్నారట.

అది తెలుగులో చెప్పగానే ఓబులేసు అందుకున్నాడు.

"పదునురాళ్లు మాకూ దొరికేటివి సార్. జల్లెడకు అడ్డమని పారేస్తాంటిమి."

ఎన్ని ఉండొచ్చని ఆవిడ అడిగింది.

"లెక్క పెట్టలే."

నేనది చెప్పాక ఆవిడ రాసుకుంటున్న నోటుపుస్తకం మూసింది.

దీవిలో నీడ తక్కువ. వెళ్లేవారు నీళ్లు పట్టుకెళ్లాలి. నాలుగింటి ఫెర్రీలో ఓబులేసు ఇంటికి ఫోన్ చేశాడు. "అన్నా, చేను ఇయ్యాకు. ఆడ మనకంటే ముందు మనుషులు బతికినారంట."

అన్న చాలాసేపు అరిచాడు. చివరికి, "సరేలే, శనగ చేను శనగ చేనుగానే ఉండనీ" అనడం నాకూ వినపడింది.

నేను చూసినవి మోకాలెత్తు గోడలే. కానీ ఒక ఊరు నిలవాలంటే దాన్ని తవ్వనివ్వనని ఒకరైనా చెప్పాలని ఆ ప్రయాణంలోనే తెలిసింది.