కుంటిన బాతు, పరుగెత్తిన లస్కరు

ఇందులో ప్రతి అక్షరమూ నిజమని మా ఇంటి బైబిలు మీద కుడిచెయ్యి వేసి ప్రమాణం చేస్తున్నాను. అందుకే ఎడమచేత్తో రాయాల్సి వచ్చింది. అక్షరాలు వంకర పోతే తప్పు నాది కాదు, సత్యానిది. ఒక రైతు మడిని, ఒక బాతు సంసారాన్ని, మా నాయన ఉద్యోగాన్ని ఒకే పూటలో ముంచబోయిన కథ ఇది. సామాన్యులకు సాధ్యమయ్యే పని కాదు.

అది డెబ్బై ఎనిమిదో, తొమ్మిదో సంవత్సరం. మా నాయన ఆళ్ళగడ్డ దగ్గర కాలువ మీద లస్కరు. అంటే తూము ఎత్తుతూ దించుతూ, ఏ రోజు ఎవరి వంతో చూసి వాళ్ళ పొలానికి నీళ్ళు వదిలే మనిషి. మా అక్క కాన్పని సున్నిపెంటకు పోతూ, తూము తిప్పే ఇనుప హ్యాండిలు నా చేతికిచ్చాడు.

"దానమూ, ఇది చెయ్యి జారిందంటే ఊర్లో తలకాయలు పగుల్తాయి" అన్నాడు.

నాకప్పుడు ఇరవై ఏళ్ళు. ఆ హ్యాండిలు భుజాన వేసుకుని నడుస్తుంటే కాలువ మొత్తం నా పేరున రాసిచ్చినట్టే ఉండేది.

మరునాడు కాలువ చివరి మళ్ళ రైతు ఓబులేసు వంతు. తూము ఎత్తే ముందు చెత్త తీద్దామని పిల్లకాలువలోకి దిగాను. ఎండాకాలమంతా నీళ్ళు పారక నడుమ జమ్ము ఏపుగా పెరిగింది. దాన్ని పక్కకు తీస్తే లోపల అడవి బాతు! నల్లటి ముక్కు, కొసన పసుపు. తన రొమ్ము ఈకలే పీకి పరుపు వేసుకుని గుడ్ల మీద కూర్చుంది. నన్ను చూసి ఇంచు కూడా కదల్లేదు. ఒంటికంటితో నన్ను కింది నుంచి పైదాకా కొలిచింది. పెళ్ళిచూపుల్లో కూడా నన్నెవరూ అంత అనుమానంగా చూడలేదు.

ఇంతలో పార భుజాన వేసుకుని ఓబులేసు వచ్చాడు.

"ఏందిరా దానమూ, కాలవలో మోకాళ్ళేసి ప్రార్థన చేస్తాండావా? తూమెత్తు."

"అన్నా, బాతు పొదుగుతాంది. నీళ్ళిడిస్తే గుడ్లు కొట్టుకపోతాయి. నాలుగు దినాలు ఆగన్నా."

"నా మడి నెర్రెలిచ్చింది. నాలుగు దినాలాగితే వరి కాదు, గడ్డి కోస్తా. ఈ బాతొచ్చి నా పిల్లోల్లకు సంగటి పెడతాదా?"

"తల్లన్నా అది!"

"నాకూ ఉండాది తల్లి. పొద్దున్నుంచి ఆడ గట్టున కూసోని ఏడుస్తాంది."

ఆయన చెప్పింది అబద్ధం కాదు. వానను నమ్మి రెండెకరాల్లో నాట్లు వేశాడు. వాన మోసం చేసింది. ఈ వంతు తప్పితే ఇంకొకటి వచ్చేలోపు పైరు ఉండదు. ఇద్దరం తూము దగ్గర పుంజుల్లా నిలబడ్డాం. చివరికి ఓబులేసే పార దించి, జమ్ములోకి తొంగిచూసి, నిట్టూర్చాడు.

"ఇట్లా చేస్తాం. దాని చుట్టూ మట్టి మూటలతో కట్టేస్తాం. నీళ్ళు పక్కనుంచి పోతాయి. నువ్వు ఈడ్నే కూసోని కట్ట కాయాల. కారిందంటే బేగా తూము దించాల. లేస్తివా, కాళ్ళిరగ్గొడ్తా!"

కట్ట వేస్తున్నంతసేపూ పార చప్పుడుకు బాతు ఒళ్ళు ముడుచుకుందే తప్ప గుడ్లు వదల్లేదు. ఉద్యోగం వచ్చాక నేనే కుర్చీలోనూ అంత నిష్ఠగా కూర్చోలేదు.

నీళ్ళు వదిలాం. ఓబులేసు మడికి పోయాడు. నేను కట్ట మీద కూర్చున్నాను. గంట గడిచింది. కూర్చున్నవాణ్ణి కూర్చోక, గుడ్లెన్నో చూద్దామని వంగాను. బాతు చటుక్కున బయటికి దూకింది. ఒక రెక్క నేలమీద ఈడుస్తూ, కుంటుతూ, గొంతు చించుకుంటూ గట్టెక్కింది.

మా పారే తగిలి రెక్క విరిగిందనుకున్నాను. నంద్యాలలో విరిగిన ఎముకలకు కట్టు కట్టే మస్తాన్ సాయబు ఉన్నాడు. ఎద్దులకు కట్టినవాడు బాతుకు కట్టడా? దీన్ని పట్టి సైకిలు మీద పెట్టుకుని పోవాలని, హ్యాండిలు భుజాన ఉండగానే వెంటపడ్డాను.

చెయ్యి చాచితే అందేంత దూరంలో ఉంటుంది, చాచితే అందదు. నేను ఆగితే అది పక్కకు ఒరిగి చస్తున్నట్టు మూలుగుతుంది. నేను లేస్తే అదీ లేస్తుంది. అట్లా ఓబులేసు మడి ఈ మూల నుంచి ఆ మూలకు, మళ్ళీ అడ్డంగా, ఏనుగుల పెళ్ళి ఊరేగింపులా తొక్కుకుంటూ పోయాను. చివరి గట్టు దగ్గర ఇక దొరికిందని దూకాను. విరిగిన రెక్కే ముందు లేచింది! నా నెత్తిమీదుగా బాణంలా జమ్మువైపు ఎగిరిపోయింది. అప్పుడే నీళ్ళెక్కిన బురదలో బోర్లాపడి, నోరు తెరుచుకుని, ఆ రెక్కల మెరుపునే చూస్తుండిపోయాను.

గట్టు మీద ఓబులేసు తల్లి సుంకమ్మ ఏడుపు ఆపి నవ్వుతోంది.

"అబ్బోడా, గుడ్లున్న బాతు అట్లే కుంటుతాది. కుక్కనూ నక్కనూ గూటికాడి నుంచి దూరం తీస్కపోడానికి! నువ్వేందో మరి, నువ్వే చెప్పాల."

చెప్పేలోగా కట్ట గుర్తొచ్చింది. పరుగెత్తాను. అక్కడ గండి పడింది. గండిలో ఓబులేసు! కట్ట చూసిపోదామని ఆయన కాలువ వెంట వచ్చింది, నేను బాతు వెంట పోయాకేనట. పీకల్లోతు నీళ్ళలో, ప్రవాహం దూరకుండా వీపును గండికి అడ్డం పెట్టి, కాళ్ళు తన్నిపెట్టి కూర్చున్నాడు. ఆయన మెడ వెనక జానెడు దూరంలో, వచ్చి కూర్చున్న బాతు.

ఓబులేసు నన్ను తిట్టాడు. రాయలసీమలో నేను విన్న అతి ఘోరమైన తిట్లు, గుసగుసగా, బాతు బెదరకుండా తిట్టాడు.

"తూము దించురా, నా..."

"హ్యాండిలు నీ మళ్ళో పడిపాయె అన్నా" అన్నాను, నేనూ గుసగుసగా.

"నా మళ్ళో నీకేం పనిరా?"

"బాతు కుంటుతాంటే..."

ఆయన కళ్ళు మూసుకున్నాడు. "పో. ఎతుక్కరాపో."

సుంకమ్మ కర్రతో, నేను చేతులతో బురదంతా గాలించాం. హ్యాండిలు దొరికి, తూము దించి వచ్చేసరికి పొద్దు నడినెత్తి దాటింది. ఓబులేసు పెదవులు నీలంగా మారాయి. బాతు ముక్కు రెక్కలో దూర్చుకుని ఉంది.

"మెల్లగా రా. ఇప్పుడే కునుకు తీసింది" అన్నాడాయన.

అట్లాంటి మనిషిని, అట్లాంటి పక్షిని ఒక్కచోట నేను మళ్ళీ చూడలేదు. కట్ట సరిచేసి మళ్ళీ నీళ్ళు వదిలాం. సాయంత్రానికి మడంతా తడిసింది. నేను తొక్కిన పైరంతా నేనే వంగి తిరిగి నాటాను. నాలుగోనాడు తొమ్మిది పిల్లలు తల్లి వెనక బారుగా ఆ మళ్ళోకే దిగాయి. అదిలిస్తాడేమోనని ఓబులేసు వంక చూశాను.

"తొక్కుకోనీలే. నీ కాళ్ళకన్నా చిన్నవే" అన్నాడు.

ఆనాడే ఘోరమైన ప్రతిజ్ఞ చేశాను. కుంటుతున్న ఏ ప్రాణి వెంటా, అది రెండుకాళ్ళదైనా, నాలుగుకాళ్ళదైనా, ఓట్లడగడానికి వచ్చిందైనా సరే, ఈ జన్మలో పరుగెత్తను.

ఒక్కటి మాత్రం కల్పించాను. మస్తాన్ సాయబు. నంద్యాలలో అట్లాంటి మనిషి ఉన్నట్టు నాకు తెలియదు. విరిగిన రెక్క చూడగానే నాకు తట్టింది కట్టు కాదు, కూర. ఆ సంగతి ఓబులేసుకు ఈనాటికీ చెప్పలేదు. బాతుకు చెప్పాల్సిన అవసరం రాలేదు.