ముడిమ్యాల నుంచి వచ్చిన నలభై సెకన్ల ఫోను

2024 వానాకాలం నాటికి నేను నర్సుగా పనిలో చేరి ఇరవై రెండేళ్లయింది. అందులో చివరి తొమ్మిదేళ్లు మొయినాబాద్‌లోని ఒక చిన్న స్వచ్ఛంద సంస్థలో గడిచాయి. మొయినాబాద్, చేవెళ్ల మండలాల ఊళ్లలో గర్భిణులను, బాలింతలను కనిపెట్టుకుని ఉండటం మా పని. ఎవరికి రక్తం తక్కువుంది, ఎవరు మాత్రలు మింగడం లేదు, ఎవరికి మొదటి కాన్పు ఆపరేషన్ అయింది, ఇవన్నీ మా దగ్గర రాసి ఉంటాయి. దవాఖానకు పోయే రోజు గుర్తుచేస్తాం. పోలేనివాళ్లను మా జీపులో తీసుకుపోతాం.

మాకొక హెల్ప్‌లైన్ ఉంది. మొదట్లో నేనూ ఇంకో ఇద్దరు ఆడవాళ్లం వంతులవారీగా ఫోను ఎత్తేవాళ్లం. ఊళ్లు పెరిగాయి, ఫోన్లు పెరిగాయి. మేం ఎత్తలేకపోయిన ఫోన్ల జాబితా రోజూ సాయంత్రం చూసుకుంటే మనసు కలుక్కుమనేది. సంస్థను నడిపే శ్రీధర్ గారు ఒకరోజు ఆ జాబితా పట్టుకుని నా టేబుల్ దగ్గరికి వచ్చారు. ఆయనది మొయినాబాద్‌లో బట్టల దుకాణం ఉన్న కుటుంబం. దుకాణం తమ్ముడికి వదిలి ఈ పనిలోకి వచ్చిన మనిషి.

"సిస్టర్, ఏఐ పెడ్దాం. ఎవరు ఫోన్ చేసినా రికార్డు చేసుకుంటది, మాటలు రాసుకుంటది, ఏది అర్జెంటో అదే చెప్తది" అన్నారు.

ఏది అర్జెంటో తేల్చడాన్ని మా వృత్తిలో ట్రయాజ్ అంటారు. వచ్చినవాళ్లలో ఎవరిని ముందు చూడాలి, ఎవరు కాసేపు ఆగగలరు అని నిర్ణయించడం. నర్సుకు అది ఏళ్ల మీద వస్తుంది. యంత్రానికి ఎలా వస్తుందన్న అనుమానం నాకు లేకపోలేదు. అయినా సరేనన్నాను. ఎత్తని ఫోన్ల కంటే నయమే కదా అనుకున్నాను.

పెట్టేముందు పరీక్షించాం. ఆఫీసు గదిలో తలుపు వేసుకుని, ఫ్యాను ఆపి, నేనూ మా వాళ్లూ ఒక్కొక్కరం ఫోనులో లక్షణాలు చెప్పాం. "నాకు తీవ్రమైన తలనొప్పి ఉంది, కళ్లు మసకబారుతున్నాయి" అని చక్కగా, ఆగి ఆగి. యంత్రం ఒక్క తప్పు లేకుండా రాసింది. అర్జెంటువన్నీ ఎర్ర జాబితాలో పెట్టింది. అందరం సంతోషించాం. ఫోను చేసినవాళ్లకు యంత్రమే ఒక మెసేజ్ కూడా పంపేటట్టు ఏర్పాటు చేశారు. రోజూ కొన్ని రికార్డింగులు నేను చెవితో వినాలని శ్రీధర్ గారే నియమం పెట్టారు. మొదటి రెండు వారాలు విన్నాను. అన్నీ సరిగ్గానే ఉండేసరికి, పని ఒత్తిడిలో మానేశాను. ఎవరూ అడగలేదు.

ఆ వానాకాలంలోనే ఒక బుధవారం ఉదయం ఎర్ర జాబితాలో నలుగురున్నారు. వాళ్లతో మాట్లాడటం అయ్యేసరికి తొమ్మిదిన్నర. ఊరికే తెర కిందికి జరుపుతూ పచ్చ జాబితా చూశాను. తీరిగ్గా చూడాల్సినవి అందులో ఉంటాయి. ఒకచోట ఇలా ఉంది: "ఎస్తేరు, ముడిమ్యాల, ఎనిమిదో నెల, మొదటి కాన్పు. భర్తతో గొడవ గురించి చెబుతోంది. కౌన్సెలింగ్ అవసరం. అత్యవసరం కాదు."

ఎస్తేరు నాకు బాగా తెలుసు. మూడు వారాల కింద వాళ్లింటికి పోయాను. బీపీ సరిగ్గానే ఉంది. భర్త సామ్యేలు టమాట, క్యారెట్ పండిస్తాడు. "కడుపుతోని ఉన్నప్పటిసంది బిందె కూడ ఎత్తనిస్తలేడు సిస్టర్" అని ఆ పిల్ల నవ్వుతూ చెప్పింది. అలాంటి పిల్ల భర్త మీద మాకు ఫోను చేసిందంటే నమ్మబుద్ధి కాలేదు. రికార్డింగ్ తెరిచాను. ముందురోజు సాయంత్రం ఆరింటిది. నలభై సెకన్లు. వెనక బోరు మోటారు మోగుతోంది.

"సిస్టర్... తలకాయ పగులుతున్నది. కండ్లకు మొగులు కమ్మినట్లయితున్నది. పక్కబొక్కల కింద గుంజుతున్నది. జర ఫోన్ చెయ్యున్రి సిస్టర్."

రెండోసారి విన్నాను. మొగులు అంటే మా వైపు మబ్బు. కళ్లకు మబ్బు కమ్మినట్టు ఉందని ఆమె చెప్పింది. యంత్రం దాన్ని మొగుడు అని రాసుకుంది. మొగుడు వచ్చాక తల పగలడం గొడవ కింద లెక్కకొచ్చింది. పక్కటెముకల కింద నొప్పి మోటారు చప్పుడులో కలిసిపోయింది.

నెలలు నిండుతున్న మనిషికి తలనొప్పి, చూపు మసక, పక్కటెముకల కింద నొప్పి, ఈ మూడూ కలిసి వస్తే అది ప్రీఎక్లాంప్సియా అని అనుమానించాలి. గర్భిణికి బీపీ ఉన్నట్టుండి ఎక్కిపోయే జబ్బు అది. ముదిరితే ఫిట్స్ వస్తాయి. తల్లి, బిడ్డ ఇద్దరూ పోవచ్చు. ఆమె ఫోను చేసి పదిహేను గంటలైంది.

వెంటనే ఫోను చేశాను. స్విచాఫ్. మళ్లీ చేశాను. స్విచాఫ్. ఊరి ఆశా కార్యకర్తకు చేస్తే ఆమె ఆ రోజు ఊళ్లో లేదు. బీపీ మిషను సంచిలో వేసుకుని బయటికి పరుగెత్తాను. మా డ్రైవర్ జహంగీర్ జీపు తుడుస్తున్నాడు.

"అన్నా, ముడిమ్యాల. జర జల్ది పోవాలె."

ఆయన తడిగుడ్డ అక్కడే పడేసి స్టీరింగ్ ముందు కూర్చున్నాడు. చేవెళ్ల దాకా రోడ్డు వెడల్పు పనులు. ముందు టిప్పర్, వెనక టిప్పర్. దారి పొడుగునా ఆ నంబరుకు చేస్తూనే ఉన్నాను.

సామ్యేలు వాకిట్లో టమాట బాక్సుల పక్కన కూర్చుని ఉన్నాడు. నన్ను చూసి లేవలేదు.

"మళ్ల ఎందుకొచ్చిన్రు?" అన్నాడు.

"ఎస్తేరును చూడనీకి వచ్చిన తమ్మీ. ఫోన్ బంద్ ఎందుకు పెట్టినవు?"

అతను జేబులోంచి ఫోను తీసి ఆన్ చేసి నా ముందు పెట్టాడు. మా యంత్రం పంపిన మెసేజ్. "మీ కుటుంబ గొడవకు సంబంధించిన ఫిర్యాదు నమోదైంది. మా కౌన్సెలర్ మూడు రోజుల్లో మాట్లాడతారు."

ఆ ఇంట్లో ఉన్నది ఆ ఒక్క ఫోనే. పొద్దున్నే మార్కెట్‌లో, పక్కన నలుగురుండగా అతను ఆ మెసేజ్ తెరిచాడు.

"నేను దాన్ని ఎన్నడన్న కొట్టిన్నా? ఒక్క మాటన్న అన్ననా? మా అవ్వను అడుగున్రి. మా ఇంట్ల లేని పంచాయితీ మీరెట్ల పెట్టిన్రు?"

"నువ్వేమనలే. ఆమె గూడ నీ మీద ఏం చెప్పలే. అది మా తప్పు. ముందుగాల ఆమెను చూడనియ్యి."

"చూసుడు లేదు, ఏం లేదు. మార్కెట్ల నుంచి వచ్చినంక అడిగిన. ఏడ్చింది, అలిగి పండుకున్నది. చాయ్ గూడ తాగలే."

గుమ్మంలో అతని తల్లి మార్తమ్మ నిలబడి ఉంది. ఆమె ముఖంలోనూ కోపమే. ఇంట్లో అందరూ ఎస్తేరు అలకలో ఉందనే అనుకుంటున్నారు. మేం పంపిన మెసేజ్ ఆమె జబ్బును కూడా కప్పేసిందని అప్పుడు అర్థమైంది.

ఒకరు చెప్పుకున్న బాధను వాళ్ల అనుమతి లేకుండా ఇంకొకరికి వినిపించకూడదు. ఇన్నేళ్లలో ఆ నియమం నేనెప్పుడూ తప్పలేదు. ఆ రోజు తప్పాను. నా ఫోనులో రికార్డింగ్ పెట్టి సామ్యేలు చెవి దగ్గర పట్టుకున్నాను. అతను కదలకుండా విన్నాడు. అయిపోయాక తల్లి వైపు చూశాడు.

"అవ్వా, కండ్లు కనవడ్తలేవని చెప్తున్నదే" అన్నాడు. నాకంటే ముందు లోపలికి పోయాడు.

ఎస్తేరు గోడవైపు తిరిగి పడుకుని ఉంది. నుదుటికి గుడ్డ గట్టిగా కట్టుకుంది. ముఖం ఉబ్బి, గుర్తుపట్టలేనట్టుంది.

"ఎస్తేరూ, నేనెవరు?"

"సిస్టర్ గదా. గొంతు గుర్తువట్టిన. కనవడ్తలేరు."

బీపీ నూట ఎనభై బై నూట ఇరవై. పాదం మీద వేలితో నొక్కితే గుంట అలాగే ఉండిపోయింది. "రాత్రి తలనొప్పంటే గుడ్డ కట్టి పండవెట్టిన. నెలలు నిండుతుంటే కాళ్లు ఉబ్బుతయనుకున్న బిడ్డా" అని మార్తమ్మ నా పక్కన కూలబడింది. మాటలకు సమయం లేదు. సామ్యేలు ఎస్తేరును చేతుల మీద ఎత్తుకొచ్చి జీపులో ఎడమ పక్కకు తిప్పి పడుకోబెట్టాడు. తల నా ఒళ్లో ఉంది. చేవెళ్ల దవాఖానకు ఫోను చేసి ఎలాంటి కేసు తెస్తున్నామో చెప్పాను.

ఊరు దాటి కొంత దూరం పోయామో లేదో ఆమె దవడ బిగుసుకుంది. కళ్లు పైకి తేలాయి. ఒళ్లంతా కొట్టుకోవడం మొదలైంది.

"అన్నా, ఆపు."

జహంగీర్ పక్కకు ఆపాడు. ఆమెను పూర్తిగా పక్కకు తిప్పి, నాలుక వెనక్కు పోకుండా గడ్డం పైకెత్తి పట్టుకున్నాను. నోట్లో ఏమీ పెట్టకూడదు, కాళ్లూ చేతులూ అదిమిపట్టకూడదు. గడియారం చూస్తూ ఉండటమే. సామ్యేలు "ప్రభువా, ప్రభువా" అంటున్నాడు. నిమిషం దాటింది. ఆమె ఊపిరి గట్టిగా ఒక్కసారి లోపలికి తీసుకున్న శబ్దం వినిపించాక "పోనియ్యన్నా" అన్నాను.

దవాఖానలో గుమ్మం దగ్గరే స్ట్రెచర్ పెట్టుకుని ఉన్నారు. ఫిట్స్ మళ్లీ రాకుండా మెగ్నీషియం సల్ఫేట్ ఇంజెక్షన్లు వేసి, బీపీకి మందు ఇచ్చి, అంబులెన్స్‌లో హైదరాబాద్ పంపారు. మధ్యాహ్నానికి ఆపరేషన్ చేసి బిడ్డను తీశారు. ఆడపిల్ల. కిలోన్నర. చాలా రోజులు గాజుపెట్టెలో ఉంది. ఎస్తేరుకు చూపు నాలుగో రోజుకు తేటపడింది. అన్నాళ్లూ నేను నిద్రపోయానంటే అబద్ధం.

ఆపరేషన్ అయిన మర్నాడే శ్రీధర్ గారి గదిలో కూర్చున్నాం. యంత్రాన్ని పీకి పారేద్దామన్నాను నేను.

"పీకేస్తే మళ్ల ఎత్తని ఫోన్ల జాబితా మొదలైతది. అండ్ల ఎంతమంది ఎస్తేర్లు ఉన్నరో మనకు తెల్వది కద సిస్టర్" అన్నారాయన. ఆ వెంటనే, "నేనే తొందరపడ్డ" అన్నారు.

"నేను వినుడు ఆపేసిన సార్. అది మీ మీద ఎయ్యను" అన్నాను.

ముందు దాన్ని ఆపి, మళ్లీ మేమే వంతులవారీగా ఫోన్లు ఎత్తాం. అంతవరకు వచ్చిన రికార్డింగులన్నీ కూర్చుని విన్నాం. ఒకామె కాళ్లకు నీరు దిగిందంటే అది మంచినీళ్ల సమస్య కింద పోయింది. అదృష్టవశాత్తూ ఆమె బాగానే ఉంది. మా పరీక్ష ఎక్కడ తప్పిందో తెలిసింది. మేం మూసిన గదిలో పుస్తకాల తెలుగు మాట్లాడి పరీక్షించాం. ఫోను చేసే ఆడవాళ్లు పొలం గట్టు మీద, మోటారు పక్కన, భయంలో, తమ మాటలో మాట్లాడతారు.

ఎస్తేరు ఇంటికొచ్చాక శ్రీధర్ గారూ నేనూ ముడిమ్యాల పోయాం. జరిగింది జరిగినట్టు చెప్పాం. రికార్డింగ్ వినిపించినందుకు ఎస్తేరును క్షమాపణ అడిగాను. ఆమె బిడ్డను సర్దుకుంటూ "మంచిదే చేసిన్రు సిస్టర్" అంది. సామ్యేలు మాత్రం వదల్లేదు.

"ఒక్క మాట అడుగుత. మా ఆమె మీకు ఫోన్ చేసింది, మీరు వింటరని. మిషన్ వింటున్నదని ఆమెకు చెప్పిన్రా?"

శ్రీధర్ గారు తల వంచుకున్నారు. "చెప్పలే" అన్నారు.

"చెప్పాలె గద సార్."

మార్తమ్మ వచ్చి మా ఎదురుగా కూర్చుంది. "ఏ నొప్పికి మేం ఏమంటమో మమ్ముల అడుగున్రి. మీకేం తెలుసు?" అంది.

అడిగాం. ముడిమ్యాలతో మొదలుపెట్టి ఊరూరా ఆడవాళ్లను కూర్చోబెట్టి, మాటలు రాసుకున్నాం. ఆ మాటలతో, ఆ చప్పుళ్లలోనే పరీక్షించి, నాలుగు నెలల తర్వాత యంత్రాన్ని మళ్లీ తెరిచాం. ఇప్పుడు ఫోను కలవగానే మీ మాట యంత్రం రాసుకుంటుందని, ఇష్టం లేకపోతే మనిషితో మాట్లాడొచ్చని మా గొంతే చెబుతుంది. యంత్రం పచ్చలో పెట్టిన ప్రతి ఫోనునూ అదే రోజు ఒక మనిషి వింటుంది. మెసేజ్ ఏదీ దానంతటది పోదు. జబ్బు పేరు, ఇంటి సంగతి మెసేజ్‌లో అసలే రాయం. పని కొంచెం నెమ్మదించింది. నెమ్మదించనీ అనుకున్నాం.

ఈ మధ్య శంకర్‌పల్లి వైపు పనిచేసే ఒక సంస్థవాళ్లు ముగ్గురు మా ఆఫీసుకు వచ్చారు. వాళ్లూ ఇలాంటిది పెట్టుకోబోతున్నారు. ఏ కంపెనీది మంచిది, ఎంత బాగా పనిచేస్తుంది అని అడిగారు. నాకు తెలిసింది చెప్పి, చివర్లో నేనొక మాట అడిగాను.

"ఇది తప్పు చేసిన రోజు ఆ ఇంటికి మీలో ఎవరు పోతరు?"

పొరపాటు యంత్రానిదే కావచ్చు. కానీ ఆ వాకిట్లో నిలబడి జవాబు చెప్పాల్సింది మనిషే. ఆ మనిషి ఎవరో ముందే తేల్చుకోని సంస్థ దాన్ని ముట్టుకోకూడదు. ఈ కేసు నాకు నేర్పింది అదే, అని వాళ్లకు చెప్పాను.

వాళ్లలో ఒకామె, "నేను పోత" అంది.

"అయితే రోజూ వినుడు గూడ మీ పనే" అన్నాను. ఆమె తన పుస్తకం తెరిచి ఎన్ని గంటలకు వినాలో అడిగి రాసుకుంది.