కుంకుమ బొట్టుకు పోయిన వారంటీ

అసలు మేం బండి విప్పామని వాళ్లకెవరు చెప్పారు? నేనడిగేది అదే. మూడుసార్లు తీసుకెళ్లినా కనిపించని లోపం నాలుగోసారి కుంకుమ బొట్టు రూపంలో ఠక్కున కనిపించిందట. ఆ మాట విని నోరు మూసుకుని సంతకం పెట్టి రావాలట. నాకు కోపం ఎక్కువని మా ఇంట్లో అందరూ అంటారు. సరే, ఎక్కువే. కానీ ఆ రోజు అక్కడున్నది మీరైనా అరిచేవారు.

బండి మా పిన్నిది. సామాన్లు వేసే చిన్న ట్రక్కు. శాంతిపురం దగ్గర వాళ్ల ఊళ్లో ఆరుగురు రైతుల బీన్సు, టమోటా కుప్పం మార్కెట్టుకు తోలుతుంది. బాబాయి గ్రానైటు పనికి పోతాడు, స్టీరింగు ముట్టడు. డ్రైవింగు నేర్చుకుంది, లైసెన్సు తెచ్చుకుంది, లోను పెట్టి కొత్త బండి కొన్నది, అన్నీ పిన్నే. అంతకు ముందు ఆ రైతులకు వేరే బండి ఒకటి ఉండేది. ఆ డ్రైవరు ఇప్పటికీ టీ అంగడి దగ్గర కూర్చుని పిన్ని బండి ఎప్పుడు ఆగుతుందా అని చూస్తుంటాడు.

అది ఆగుతోంది కూడా. కొన్న కొన్నాళ్లకే మొదలైంది. బాగానే పోతూ పోతూ ఏదో గుంతలో పడగానే ఇంజను టక్కున ఆగిపోతుంది. ఎర్ర లైటు వెలుగుతుంది. కాసేపుంటే మళ్లీ దానంతట అదే స్టార్టవుతుంది. షోరూమ్‌కి తీసుకెళ్తే మాత్రం పెళ్లిచూపుల్లో పిల్లలా బుద్ధిగా ఉంటుంది. ఆ కంపెనీ వారంటీ సర్వీసు మాకు దగ్గరంటే మదనపల్లెలోనే. పలమనేరు, పుంగనూరు దాటి పోవాలి. మూడుసార్లూ రెండేసి రోజులు పెట్టుకుని, "ఏమీ లేదమ్మా, కడిగించినాం" అని పంపారు.

రైతులకు ఓపిక అయిపోయింది. "ఎల్లుండి బీన్సు కోత. నీ బండి సరిగ్గా ఉండాదంటే నీకే ఎత్తుతాం. లేదంటే పాత బండినే పిలుచుకుంటామమ్మా, తప్పుగా అనుకోవద్దు" అన్నారు. ఒకసారి పోతే ఆ ఆరుగురూ మళ్లీ రారని పిన్నికి తెలుసు.

నేను పుట్టి పెరిగింది బెంగళూరులో. ల్యాప్‌టాప్ ఉద్యోగం కాబట్టి ఎప్పుడైనా పిన్ని ఇంట్లో దిగి అక్కడినుంచే పని చేసుకుంటాను. ఈసారి నేనూ వస్తానని బండెక్కాను. ఫోనులో మాట్లాడి పనులు చేయించడం నాకొచ్చు కదా అని ఒక పొగరు.

మదనపల్లెలో సర్వీసు చూసే కుర్రాడు సీటు ఎత్తి, ఇంజనును నడిపించే కంప్యూటరు పెట్టె వైపు వేలు పెట్టి చూపించాడు. పెట్టె మూల మీద, వైర్లు దూరే చోట, ఎండిన కుంకుమ బొట్టు.

"ఎవురో ఈడ చేయి పెట్టినారు మేడమ్."

"నేనే పెట్టినానప్పా" అంది పిన్ని. "ఆయుధపూజకు. టైర్లకు, స్టీరింగుకు, ఇంజనుకు, అన్నిటికీ పెట్టినాను. దీన్నొక్కదాన్ని యాల వొదిలిపెట్టేది?"

"అదేమ్మా ప్రాబ్లం. కుంకుమ నీళ్లు లోపలికి దిగినాయి. ఇది కస్టమర్ తప్పు కింద పోతాది. పెట్టె కొత్తది రావల్ల, వారం పడతాది, వారంటీలో రాదు. ఈడ సంతకం పెట్టండి."

పిన్ని పెన్ను తీసుకుంది. నిజంగా తీసుకుంది. తన బొట్టే తన బండిని చెడగొట్టిందని నమ్మేసింది. ముఖం ఇంత చిన్నదైపోయింది. నేను పెన్ను లాక్కున్నాను.

అప్పుడే చూశాను. బండ్లకు తగిలించి లోపాలు చదివే వాళ్ల మెషీను ఒక చక్రాల బల్ల మీద ఉంది. దాని నెత్తిన మూడు విభూతి గీతలు, మధ్యలో గంధం, గంధం మీద కుంకుమ. వైరుకు ఎండిపోయిన బంతిపువ్వు. నేను ఫోను తీసి కెమెరా పెట్టాను.

"దీనికి వారంటీ ఉందా?" అన్నాను.

"దేనికి మేడమ్?"

"ఈ మెషీనుకి. బొట్టుంది కదా. దీన్ని కూడా ఎవరో విప్పేసినట్టేనా? లేకపోతే మీరు పెట్టే కుంకుమ వేరే అంగట్లో కొంటారా?"

వెనకాల టైరు విప్పుతున్న మెకానిక్కు పక్కుమని నవ్వి, అంతలోనే తల దించుకున్నాడు. కుర్రాడి చెవులు ఎర్రబడ్డాయి.

"వీడియో తీయకూడదు మేడమ్. రూల్సు ఒప్పుకోవు."

"ఏ రూలు? చూపించు. బొట్టు పెడితే వారంటీ పోతుందన్న రూలు కూడా చూపించు, రెండూ కలిపి తీసుకుంటాను."

పిన్ని నా చెయ్యి పట్టి గుంజింది. "మే, గొంతు తగ్గించు. రేపు మల్లా ఈడికే రావల్ల." తర్వాత అతని వైపు తిరిగి, "సంతకం వొద్దప్పా. తాళాలియ్యి. ఎల్లుండి నాకు బాడుగుండాది" అంది.

అతను తాళాలిచ్చాడు. ఇచ్చే ముందు ఆ పెట్టె స్క్రూల మీద కంపెనీ కాగితం సీలు ఒకటి అంటించాడు. "ఇది చినిగిందంటే మిగిలిన వారంటీ అంతా పోతాదమ్మా. ఇంజను, గేరుబాక్సు, ఏదీ ఉండదు. ఇంకా పది నెల్లుండాయి, ఆలోచించుకోండి."

పుంగనూరు దాటాం. ఒక స్పీడు బ్రేకరు ఎక్కి దిగామో లేదో, బండి ఆగిపోయింది. చింతచెట్టు నీడదాకా ఇద్దరం తోసుకొచ్చాం. నేను కంపెనీ హెల్ప్‌లైనుకు ఫోను కొట్టాను. ఒకటి నొక్కండి, మూడు నొక్కండి, సన్నాయి పాట, మళ్లీ ఒకటి నొక్కండి. చివరికి ఒకమ్మాయి దొరికి, లాక్కెళ్లే బండి రేపు ఉదయం వస్తుందని, తిరిగి మదనపల్లెకే తీసుకెళ్తుందని ఎంతో తియ్యగా చెప్పింది.

పిన్ని ఫోను మోగింది. రైతుల్లో ఒకాయన. "ఏమ్మా, బండి రెడీ అయిందా?"

"వస్తాండానన్నా" అంది పిన్ని, ఆగిపోయిన బండిని చూస్తూ.

నేను ఫోనులో రిపేరు వీడియోల మీద పడ్డాను. ఒకడు పెట్టె మార్చమన్నాడు. ఇంకొకడు సెన్సరన్నాడు. ఇంకొకడు డీజిల్లో నీళ్లన్నాడు. నేను అవన్నీ గట్టిగా చెబుతుంటే పిన్ని చీర కుచ్చిళ్లు ఎగదోపుకుని బండి చుట్టూ తిరుగుతోంది.

"దానికదే ఆగేది, దానికదే బతికేది" అంది. "మన బోరు మోటరు ఇట్లనే సేసేది మే. ఎర్తు పట్టుకోక."

"అది వేరు, ఇది వేరు పిన్నీ."

"కరెంటు కరెంటే గదా. దీనికి ఎర్తు యాడుందో నీ ఫోనులో సూడు."

ఎండాకాలం వచ్చిందంటే బోరు దగ్గర ఎర్తు గుంతలో ఉప్పు వేసి నీళ్లు పోసేది పిన్నే. ఆమె చేసే మోటారు పనికి, నేను చూసే వీడియోలకు ఏం సంబంధమని మనసులో విసుక్కుంటూనే వెతికాను. బొమ్మ దొరికింది. ఎర్తు వైరు, బోల్టు, ఆ కంప్యూటరు పెట్టె కిందే. అంటే సీలు చింపాల్సిందే.

"చింపుతాను" అన్నాను.

"నువ్వుండు. బండి నాది."

కాసేపు రోడ్డు వైపు చూస్తూ నిలబడింది. ఒక బస్సు పోయింది, రెండు ట్రాక్టర్లు పోయాయి. తర్వాత సీటెత్తి, గోటితో సీలును ఒక్క గీటు గీసింది. నేను సాయం చేయబోయి పెట్టెను పట్టుకునే ప్లాస్టిక్ కొక్కెం ఒకటి విరగ్గొట్టాను. "ఫోను పట్టుకునేదానికి తప్ప నీ చేతులు దేనికీ పనికిరావు మే. లైటెయ్యి" అంది.

పది నంబరు స్పానరు పెట్టీ పెట్టగానే బోల్టు తిరిగింది. వదులుగా ఉంది. వైరు తీసి చూస్తే కింద, ఇనుము ఇనుముకు తగలాల్సిన చోట, ఫ్యాక్టరీలో కొట్టిన పెయింటు అలాగే ఉంది. దాని అంచున తుప్పు. కుంకుమ లేదు, నీళ్లు లేవు. బండి పుట్టినప్పుడే ఉన్న తప్పు. వారంటీ ఇచ్చేదే ఇలాంటి తప్పులకు!

టూల్సు సంచిలో విరిగిన హాక్సా బ్లేడు ముక్క ఉంది. దాంతో పిన్ని ఆ పెయింటును ఇనుము మెరిసేదాకా గీకింది. బోల్టు బిగించింది. తాళం తిప్పింది. ఆ స్పీడు బ్రేకరు దగ్గరికే వెనక్కి పోయి దాని మీదుగా నాలుగుసార్లు తోలింది. నాలుగోసారి కావాలనే వేగంగా ఎక్కించింది. నా తల టాపుకు కొట్టుకుంది. ఇంజను ఆగలేదు.

మొత్తం వీడియో తీశాను. పలమనేరు చేరేలోపే ఆ కుర్రాడికి పంపాను. వెంటనే ఫోను చేశాడు.

"మేడమ్, సీలు మీరే తీసినట్టు వీడియోలో ఉండాది. వారంటీ క్యాన్సిల్ అవతాది."

"చేసుకో. సీలు కింద పెయింటు కూడా కనిపిస్తోంది కదా, మూడుసార్లు చూసి అది పట్టుకోలేకపోయామని కూడా రాసుకో."

ఫోను పెట్టేశాడు. కంపెనీకి రాతపూర్వకంగా ఫిర్యాదు పెట్టాను. ఈ రోజు వరకు జవాబు లేదు.

బాబాయి మాత్రం, "పది నెల్ల వారంటీని రోడ్డు పక్కన పారేసొచ్చినారు, భలే మొగోళ్లు ఇద్దరూ" అని దెప్పుతుంటాడు. అబద్ధమెందుకు, ఆ తర్వాత బండిలో చిన్న చప్పుడు వచ్చినా పిన్ని స్పీడు తగ్గించి చెవి పెట్టి వింటుంది. క్లచ్చు పోయినప్పుడు కుప్పంలో తన చేతి డబ్బుతోనే వేయించుకుంది. అవన్నీ నాకు తెలుసు. ఆ రోజు ముందు చింపుతానన్నది నేనే కాబట్టి అందరికంటే బాగా తెలుసు.

కానీ ఆ ఎల్లుండి తెల్లారి బీన్సు మూటలు ఎత్తినప్పుడు ఆరుగురూ పిన్ని బండికే ఎత్తారు. ఇప్పటికీ ఎత్తుతున్నారు. సీలు అలాగే ఉంచుంటే కాగితాల మీద వారంటీ భద్రంగా ఉండేది. బండి మదనపల్లెలో వారం పడుండేది. బీన్సు ఇంకొకడి బండిలో కుప్పం చేరేది. అయినా సరే, సీలు ముట్టకుండా ఉండాల్సిందనేవాళ్లు మీలో ఉంటే ఒక్కటి చెప్పండి. ఆ చింతచెట్టు కింద నిలబడి, "వస్తాండానన్నా" అని చెప్పి ఫోను పెట్టేసిన మనిషి ముఖం చూస్తూ, "రేపటిదాకా ఆగు" అని అనగలిగేవారా?