పసుపు జల్లించిన వల

రేపు పొద్దునకు మెండోరలో పడవ మాట్లాడుకున్నాను. శ్రీరాంసాగర్ నీళ్లలో తేలే జూప్లాంక్టన్‌ను, అంటే కంటికి సరిగా ఆనని జీవులను, పట్టే సన్నటి వల నా దగ్గర ఒక్కటే ఉంది. సాయంత్రం ఆర్మూర్‌లో బస్సు దిగి ఇంటికి వచ్చేసరికి, దండెం మీద ఆరేసిన ఆ వలతో మా ఓనరమ్మ కొత్త పసుపు జల్లిస్తోంది.

"గింత మెత్తగ ఎన్నడు రాలే బిడ్డా. గీ బట్ట యాడ కొన్నవ్?" అంది.

"అమ్మా, అది నీళ్లల్ల పురుగుల్ని పట్టేది" అన్నాను.

"కడిగినంకనే జల్లించిన తియ్" అని నాకే ధైర్యం చెప్పింది.

మైక్రోస్కోపు కింద అయితే ఫికర్ లేదు, ఆకారం చూసి పసుపు రేణువును పక్కకు నెట్టేస్తాను. కానీ సగం నమూనా డీఎన్ఏ పరీక్షకు పోవాలి. అక్కడ అన్నీ కలిపి రుబ్బేస్తారు. జలాశయంలో పసుపు మొక్క కూడా ఈదుతోందని తేలుతుంది. అప్పటినుంచి వల ఉతుకుతూనే ఉన్నాను, నీళ్లు ఇంకా పసుప్పచ్చగానే వస్తున్నాయి. కూర్చోబుద్ధి కావడం లేదు.

పసుపు పూర్తిగా వదిలించే ఉపాయం మీలో ఎవరికైనా తెలిస్తే ఈ రాత్రికే కింద కామెంట్లో రాయండి. ఓనరమ్మను మాత్రం అడగలేను. ఇప్పుడే తలుపు దగ్గరకు వచ్చి, "ఉతుకుడైనంక ఇయ్యి బిడ్డా, కారం గూడ జల్లిస్త" అని చెప్పి వెళ్లింది.