ఎడమ పక్క కుచ్చులు లేని గౌను

మార్గరెట్ దగ్గర పెళ్లి గౌను కుట్టించుకోవడానికి వచ్చే ఆడపిల్లలు ముందు ఫోనులో బొమ్మ చూపిస్తారు. ఆమె ఒకసారి చూసి, ఫోను పక్కన పెట్టించి, "ఇంగ నడువు" అంటుంది.

కోలారు బంగారు గనుల ఊరు కేజీఎఫ్‌లో, ఛాంపియన్ రీఫ్స్ పేటలో ఆమె ఇంటి సిమెంటు వాకిట్లో సుద్దముక్కతో గీసిన రెండు గీతలుంటాయి. పెళ్లి జరిగే చర్చిలో బెంచీల నడుమ దారి ఎంత వెడల్పో ఆ గీతల మధ్య అంతే వెడల్పు. కేజీఎఫ్‌లోని ప్రతి చర్చినీ టేపు పట్టి కొలిచింది. పని మాత్రం ఎవరి దగ్గరా నేర్చుకోలేదు. ఊరొదిలి వెళ్తూ ఒకామె ఇచ్చిపోయిన పాత గౌనును కుట్టు కుట్టూ విప్పి, మళ్లీ కుట్టి నేర్చుకుంది.

"పొట్టి పిల్లకి నడుం పట్టీ పైకి పెట్టల్ల. తుంటి వెడల్పుంటే మోకాళ్ల కాడ బిగించకూడదు, మోకరించినప్పుడు పిగిలిపోతాది," అని నాకు చెప్పింది. "అద్దంలో బాగుంటే చాలదప్పా. నడస్తా బాగుండల్ల."

మోనికా సంగతి చెప్పేటప్పుడు మాత్రం, "అది నా తప్పే" అని మొదలుపెట్టింది.

మోనికా పొడుగ్గా, బాగా సన్నగా ఉంటుంది. రోజూ రైల్లో బెంగళూరుకు ఉద్యోగానికి వెళ్లొస్తుంది. పిల్లను చూడటానికి వచ్చినప్పుడు పెళ్లికొడుకు మేనత్త, "గాలికి పడిపోదు కదా?" అని నవ్విందట. అప్పటినుంచీ మోనికాకు ఒకటే కోరిక. పెళ్లిరోజు ఒక్కరోజైనా నిండుగా కనపడాలి. లోపల రింగులు పెట్టి, కింద గంటలా విచ్చుకునే గౌను కావాలంది.

మార్గరెట్ సరేనంది. సన్నటి ఒంటికి అది నప్పే ఆకారమే. ముందు పాత దుప్పట్లతో ఒక నమూనా కుట్టి తొడిగింది. మోనికా అద్దం ముందునుంచి కదల్లేదు.

"ఆంటీ, ఇది నేనేనా?"

"ఇంగెవరు? మీ నాయనను పిలువు, నడిచి చూద్దాం."

ఏసురత్నం గనిలో ఏళ్ల తరబడి రాయికి డ్రిల్లు పెట్టిన మనిషి. ఆ దుమ్ముకు ఊపిరితిత్తులు పోయాయి. పది అడుగులు వేస్తే ఆగాలి, పక్కన పట్టుకోవడానికి ఒక చెయ్యి ఉండాలి. పెళ్లిలో కూతురిని చర్చి పీఠం దాకా నడిపించేది ఆయనే.

ఇద్దరూ గీతల మధ్య నిలబడ్డారు. దారంతా గౌనే నిండిపోయింది. ఏసురత్నం ఒక కాలు గీత బయట పెట్టి, వంగి, చెయ్యి చాపాడు. కూతురి మోచెయ్యి అందలేదు.

"ఏం మార్గరెట్టమ్మా, నన్ను బెంచీల మీద నడవమంటావా?" అని నవ్వబోయి దగ్గాడు.

 మార్గరెట్ కొలతలన్నీ పిల్లవే తీసుకుంది, పక్కన నడిచే మనిషిని లెక్కలోకి తీసుకోలేదు.

దగ్గు ఆగాక ఆయనే, "పోనీలేమ్మా. నేను ముందరే పోయి కూచ్చొనుంటా. నువ్వు ఒక్కదానివే నడిచి రా. నిండుగా ఉండావు," అన్నాడు.

మోనికా అద్దంలోకి ఇంకోసారి చూసుకుంది. "రింగులు తీసెయ్ ఆంటీ."

"మళ్లీ సన్నంగా కనపడతావే."

"కనపడనీ. మా నాయన యాడ పట్టుకుంటాడు మరి?"

మార్గరెట్ నోట్లో గుండుసూదులు పెట్టుకుని కింద కూర్చుంది. రింగులు తీసేసింది. ఏసురత్నం నడిచే ఎడమ పక్క కుచ్చులన్నీ విప్పి వెనక్కి జరిపింది. ఎడమ వైపు గుడ్డ తిన్నగా జారింది, వెనక మాత్రం నిండుగా పరుచుకుంది. గౌను చేతులు భుజాల దగ్గర ఉబ్బుగా, మోచేతుల దగ్గర ఒంటికి అంటి ఉండేట్టు గుర్తులు పెట్టింది. మళ్లీ నడిపించింది. ఈసారి ఇద్దరూ గీతల లోపలే ఉన్నారు.

పెళ్లి జనవరిలో జరిగింది. మార్గరెట్ చివరి బెంచీలో కూర్చుంది. ఏసురత్నం మూడుసార్లు ఆగాడు. ఆయన ఆగిన ప్రతిసారీ మోనికా ఆగింది. ఆయన బరువంతా ఆ సన్నటి చేతి మీదే ఉన్నా, ఆమె పక్కకు ఒరగలేదు. సగం దారిలోనే పాట అయిపోతే పాడేవాళ్లు మళ్లీ మొదటినుంచి ఎత్తుకున్నారు.

పీఠం దగ్గరికి చేరాక కూడా ఏసురత్నం కూతురి మోచెయ్యి వదల్లేదు. పాస్టరు పుస్తకం తెరిచి పట్టుకుని, ఆయన ఊపిరి కుదుటపడేదాకా అలాగే నిలబడ్డాడు.