నాన్న చెవికి నచ్చిన కార్బన్ బ్యాట్

మా చిన్నప్పుడు మా నాన్న ఏ వస్తువు కొన్నా ముందు చెవి దగ్గర పెట్టుకుని చూసేవాడు...

ప్రత్తిపాడులో మాది మిరప సేద్యం. కళ్లంలో ఆరబోసిన కాయల్ని గుప్పెట్లోకి తీసుకుని బరువు చూసి, చెవి దగ్గర ఆడించేవాడు. గింజలు గలగలమంటే ఆరినట్టు. చప్పుడు లేకుండా బరువుగా ఉంటే ఇంకా చెమ్మ ఉన్నట్టు. ఆ అలవాటు కొబ్బరికాయల దాకా, కుండల దాకా బాగానే ఉంది. నా టేబుల్ టెన్నిస్ బ్యాట్ దాకా వచ్చేసరికే చిక్కొచ్చింది.

ఆఫీసు నుంచి వచ్చి, కాళ్లు లాగుతుంటే మంచం మీద చాపుకుని ఇది రాస్తున్నాను. నిజానికి ఓపిక లేదు. అయినా ఎవరికో ఒకరికి చెప్పాలనిపించింది...

అప్పుడు నేను తొమ్మిదో తరగతి. గేముకి ఇరవై ఒక్క పాయింట్లు పోయి పదకొండు వచ్చిన కొత్త. మా బడిలో ఉన్నది ఒక్కటే టేబుల్, దాని నెట్ ఎప్పుడూ ఒక పక్కకి జారిపోయి ఉండేది. డ్రిల్లు మాస్టారు నన్ను జిల్లా జట్టు సెలక్షన్లకి పంపుతానన్నారు. నాన్న ఒప్పుకున్నాడు గానీ ఒక షరతు పెట్టాడు.

"ఈ ఒక్కసారి చూద్దాం అమ్మాయ్. జట్టులోకి వస్తే ఆడుకో. రాకపోతే ఇక బ్యాట్ పక్కన పెట్టి పదో తరగతి సంగతి చూసుకో."

సొంత బ్యాట్ కావాలి కదా. ఏది కొనాలో మాస్టారు ముందే చెప్పి పంపారు. "రబ్బరు కింద ఉండే చెక్కనే బ్లేడంటారు. నీది ఆపి ఆపి ఎదుటివాళ్లని విసిగించే ఆట. నీకు కావాల్సింది కంట్రోల్. ఒట్టి చెక్కది తీసుకో. మధ్యలో కార్బన్ పొర ఉన్నదాని జోలికి పోకు, ఆ స్పీడు నీ చేతిలో ఆగదు."

అవి కాయ కోతల రోజులు. కూలీల్ని అమ్మకి అప్పజెప్పి, ఇస్త్రీ చొక్కా వేసుకుని నాన్న నాతో గుంటూరు బస్సెక్కాడు. నా ఆట కోసం ఒక పూట చేను వదలడం అదే మొదటిసారి.

కొట్టులో రెండు బ్లేడులు మా ముందు పెట్టారు. నాన్న ముందు ఒట్టి చెక్కదాన్ని తీసి, చెవి దగ్గర పెట్టుకుని గోటితో కొట్టాడు. మొద్దుగా పలికింది.

"ఇది ఇంకా ఆరలేదండీ" అన్నాడు.

కొట్టాయన నవ్వు ఆపుకున్నాడు. నాన్న రెండోది తీశాడు. అది కార్బన్. చేతికి తేలిగ్గా ఉంది, కొడితే ఖంగుమంది. నాన్న మొహం వెలిగిపోయింది.

"అదీ... బాగా ఎండింది చూడు. ఏం అమ్మాయ్, ఇది తీసుకుందామా?"

మాస్టారు చెప్పిన మాట నాలుక చివరిదాకా వచ్చింది. ఆ మొహం చూశాక ఇక రాలేదు. "బాగుంది నాన్నా" అన్నాను.

మర్నాటి నుంచీ తిప్పలు మొదలు. నేను ఊరికే అడ్డం పెట్టినా బంతి టేబుల్ దాటి గోడకి కొట్టుకునేది. మాస్టారు బ్యాట్ తిప్పి చూసి "ఎవరు కొనమన్నారే దీన్ని?" అన్నారు. "నాన్న" అన్నాను. ఆయన బడిలోని పాత చెక్క బ్యాట్ తెచ్చి నా సంచిలో పెట్టారు. "ఏదో ఒకటి ఆటకి ముందే తేల్చుకో. మొదలయ్యాక మార్చనివ్వరు."

సెలక్షన్లకి నాన్న కూడా వచ్చాడు. నా సంచి ఒళ్లో పెట్టుకుని ముందు వరసలో కూర్చున్నాడు. చూస్తూ చూస్తూ ఆయన ముందు పాత బ్యాట్ ఎలా తీస్తాను? కార్బన్‌దే అంపైరుకి చూపించాను.

మొదటి గేము పోయింది. రెండోదీ పోయింది. మూడోది మొదలెట్టబోతుంటే నాన్న లేచి వచ్చాడు. తువ్వాలు కోసం సంచి తెరిస్తే పాత బ్యాట్ కనపడిందట. దాన్ని పట్టుకుని సరాసరి అంపైరు దగ్గరికి వెళ్లాడు.

"పాపకి అది కుదరట్లేదండీ. బంతి దాని మాట వినట్లేదు. ఈ బ్యాట్‌తో ఆడనివ్వండి."

"మధ్యలో మార్చకూడదండీ. వెళ్లి కూర్చోండి."

నాన్న కూర్చోలేదు. ఆట అయ్యేదాకా ఆ పాత బ్యాట్ చేతిలో పట్టుకుని గోడవారగా నిలబడ్డాడు. నేను ఓడిపోయాను.

తిరుగు బస్సులో నాన్న ఆ పాత బ్యాట్ ఒళ్లో పెట్టుకుని కూర్చున్నాడు. ఊరు దగ్గరపడుతుంటే అడిగాడు. "నీకు ముందే తెలుసా అమ్మాయ్?"

తలూపాను.

"మరి చెప్పొచ్చు కదే... కాయైతే నాకు తెలిసేది" అన్నాడు, కిటికీలోంచి బయటికి చూస్తూ.

షరతు ప్రకారం నా ఆట అక్కడితో ఆగిపోయింది. దానికి ఏడ్చాను గానీ, కొన్నాళ్లకి సర్దుకున్నాను. సర్దుకోలేనిది ఇంకోటుంది. ఆ తర్వాత నాన్న నా కోసం ఏదీ ఎంచలేదు. చెప్పులైనా, కాలేజీ అయినా, ఆఖరికి పెళ్లి చీరైనా... "నువ్వే చూసుకో తల్లీ, నాకేం తెలుసు" అనేవాడు. కోపంతో కాదు, నిజంగానే తనకి తెలియదనుకున్నాడు. అలా అనుకునేలా చేసింది నా "బాగుంది".

పోయిన నెల మా అమ్మాయికి బ్యాట్ కొనడానికి వెళ్లాం. ఫోన్‌లో దేనికెంత స్పీడో, దేనికెంత కంట్రోలో అన్నీ చదువుకుని వచ్చింది. నేను ఒక కార్బన్‌ది తీసి, నాకు తెలియకుండానే చెవి దగ్గర పెట్టుకుని గోటితో కొట్టాను.

"ఇది నాకొద్దమ్మా, నా ఆటకి పనికిరాదు" అంది తను, నా మొహం వంక కూడా చూడకుండా.

ఎంత తేలిగ్గా అనేసిందో... నేను మాత్రం ఇప్పటికీ ఆఫీసులోనూ ఇంట్లోనూ అన్నిటికీ "బాగుంది" అంటూనే ఉన్నాను. అలిసిపోయాను.

మీ నాన్న మొహం చూసి మీరు "బాగుంది" అన్న వస్తువు ఏది? ఆయనతో ఇంకా చెప్పకపోతే, ముందు ఆయనకి చెప్పి తర్వాత ఇక్కడ రాయండి...